పాతరలోకి దించిన లాంతరు

నా చిన్నప్పుడు దయ్యాలంటే నాకు భయం ఉండేది కాదు. పామును చూసినా పెద్దగా బెదిరేదాన్ని కాదు. నా భయమంతా మా ఇంటి వాకిట్లో ఉన్న పాతర మీదే. ముసలిదాన్నయ్యాక కూడా పట్నం వీధుల్లో మురుగుకాలువ మూత కనిపిస్తే దాని మీద కాలు పెట్టను, పక్కకు తప్పుకునే నడుస్తాను. మనవలు నవ్వుతారు. నవ్వనీ, వాళ్లు పాతరను చూడలేదు.

పాతర అంటే ఏమిటో ఈ కాలం వాళ్లకు చెప్పాలి. మా కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో జొన్నలను నేలలో దాచేవాళ్లు. గట్టి నేల చూసి ఒక్క మనిషి దూరేంత మూతి పెట్టి, లోపలికి పోయేకొద్దీ కుండ కడుపులా వెడల్పుగా గుంత తవ్వేవాళ్లు. చుట్టూ జొన్నచొప్ప పేర్చి, గింజలు పోసి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తేవాళ్లు. లోపల గాలి ఆడదు కాబట్టి పురుగు పట్టదు, ఏళ్ల తరబడి గింజ నిలుస్తుంది. కరువు సీమ కదా, పాతర నిండుగా ఉన్న ఇంటికి ఊళ్లో ఒక మర్యాద ఉండేది.

అయితే గాలి ఆడని చోట పురుగే కాదు, మనిషి కూడా బతకడు. మా పక్కింటి అక్క భర్త అట్లాగే పోయాడు. గింజలు తీయడానికి తమ పాతరలో దిగినవాడు మళ్లీ మాట్లాడలేదట. అప్పుడు నేను ఉయ్యాలలో ఉన్నాను. నాకు ఊహ తెలిసేసరికి అక్క బొంతలు కుట్టుకుంటూ ఒంటరిగా ఉండేది. మా ఇంటికి రోజూ వచ్చేది కానీ, ఎప్పుడూ దొడ్డిదారినే వచ్చేది. వాకిలి వైపు వస్తే పాతర దాటాలి. ఎందుకట్లా చుట్టూ తిరిగి వస్తావని నేనొకసారి అడిగితే మా అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రాజధాని వచ్చింది కానీ మా పల్లెకు వాన రాలేదు. చేలు ఎండిపోయాయి. మా నాయన ఆదోని సంతకు పోయి జొన్నలు కొనుక్కొచ్చేవాడు. నాకిది వింతగా ఉండేది. వాకిట్లో పాతర నిండా జొన్నలు పెట్టుకుని సంతలో ఎందుకు కొనాలి? మా జేజిని, అంటే మా నాయనమ్మను, అదే అడిగాను. తిరగలి ఆపకుండానే చెప్పింది. పాతర ఒకసారి తెరిస్తే మళ్లీ మూసేది ఉండదట. గాలి తగిలిన గింజకు పురుగు పడుతుంది, అందుకని అంతా ఒకేసారి తోడెయ్యాలి. పైగా పాతర గింజకు ఒక ముక్కిన వాసన ఉంటుంది, చంటిపిల్లల అంబలికి పనికిరాదు. విత్తితే మొలకెత్తదు. పాతర ఇంటి నిండా ఉన్నా విత్తనాలు కొనాల్సిందే, చంటివాడికి మంచి గింజ కొనాల్సిందే. కడుపు మాడినప్పుడు ఆఖరున తెరిచేది పాతర అని చెప్పి, మాటలు చాలించి పిండి ఎత్తమంది.

ఆ రోజుల్లోనే బడిలో మా అయ్యవారు దేశపటం గోడకు తగిలించి, ఈశాన్యాన అస్సాంలో భూమిలోంచి నూనె తీస్తారని చెప్పాడు. నాకు భలే గర్వమనిపించింది. సాయంత్రం అమ్మ సీసా ఇచ్చి సాయిబు అంగడికి పంపింది. కిరసనాయిలును మేము సీమనూనె అనేవాళ్లం. సాయిబు ఖాళీ టిన్నును వేలితో తట్టి చూపించాడు.

"యాడిది పాపా? మద్రాసుకు ఓడ వస్తే గదా, ఆడి నుంచి మనకు వచ్చేది."

"మన దేశంలోనే నూనె బావులుండాయంట, అయ్యవారు చెప్పినాడు. ఓడ ఏంటికి?" అన్నాను నేను, బావులన్నీ మా పెరట్లోనే ఉన్నట్టు.

"ఉంటే శానా మంచిదే. నా టిన్నులోకైతే ఇంకా రాలేదమ్మా," అని నవ్వాడు సాయిబు.

ఖాళీ సీసాతో ఇంటికొచ్చి అదే మాట మా జేజినాయనను అడిగాను. మా నాయనకు తండ్రి ఆయన. చూడని సంగతి తనకు తెలియదని, తెలిసిననాడు చెబుతానని అన్నాడు. ఆయన అట్లాంటి మనిషి. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఆయనకు చేతకాదు.

ఆషాఢం వచ్చింది. మా వైపు ఆషాఢంలో వాన కురిసినా కురవకపోయినా గాలి మాత్రం తప్పదు. కప్పుల మీది బోదగడ్డిని కూడా లేపేస్తుంది. సంతకు గింజలు రావడం మానేశాయి. జేజి తుమ్మికూర ఉడకబెట్టి ఉప్పేసి పెట్టేది. చంటి తమ్ముడు పాలు చాలక ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఏడుపు కూడా సన్నగా వచ్చేది. ఆ ఏడుపు విని మా నాయన ఒక పొద్దున గడ్డపార తీసుకుని వాకిట్లోకి పోయాడు. పాతర తెరుస్తున్నారని తెలియగానే నేను పరుగెత్తి అరుగెక్కాను.

నాయన, చిన్నాయన కలిసి బండను పక్కకు దొర్లించారు. లోపలి నుంచి వెచ్చటి గాలి, పులిసిన వాసన వచ్చింది. నేను అరుగు మీద స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఆ నల్లటి మూతిని చూస్తే అది మమ్మల్నందర్నీ లెక్కపెట్టుకుంటున్నట్టు అనిపించింది.

మా వైపు పద్ధతి ఏమిటంటే, పాతర తెరిచాక ముందు దీపం దించాలి. దీపం వెలిగితే మనిషి దిగవచ్చు, ఆరితే దిగకూడదు. దానికి అద్దం ఉన్న లాంతరే వాడాలి. మా లాంతరులో చుక్క సీమనూనె లేదు. ఊళ్లో ఎవరింట్లోనూ లేదనే అనుకున్నాం. చివరికి జేజి ప్రమిదలో ఆముదం పోసి, దీపం వెలిగించి, ఉట్టిలో పెట్టి ఇచ్చింది. చిన్నాయన దాన్ని మెల్లగా దించాడు. మూతి దాటి కొంచెం దిగిందో లేదో ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించారు, మళ్లీ ఆరింది.

"గాలికి ఆరింది," అన్నాడు నాయన.

నిజమే అనిపించేట్టు ఉంది. ఆ గాలికి మా కళ్లల్లో దుమ్ము పడుతోంది, అమ్మ కొంగు నిలవడం లేదు. మూత లేని ప్రమిద ఆరిపోతే అది పైగాలికి ఆరిందో లోపలి గాలికి ఆరిందో ఎవరు చెప్పగలరు? జేజినాయన వద్దన్నాడు. నాయన వినలేదు. మోకు తెచ్చి నడుముకు చుట్టుకుని, రెండో కొస చిన్నాయన చేతికిచ్చి, పాతర మూతి మీద కూర్చుని కాళ్లు లోపలికి వేశాడు.

నేను అరవాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. స్తంభాన్ని ఇంకా గట్టిగా వాటేసుకోవడమే చేతనైంది. ఇంత వయసు వచ్చింది, ఎన్నో చావులు చూశాను, అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు. మా నాయన మోకాళ్ల దాకా ఆ నలుపులో ఉన్నాడు. అమ్మ చంటివాణ్ణి గుండెకు అదుముకుని గోడ వైపు తిరిగింది.

అప్పుడు మా జేజినాయన ఒక పని చేశాడు. మెల్లగా నడిచి వచ్చి, నాయనకు ఎదురుగా మూతికి అవతలి అంచున కూర్చుని, తన కాళ్లు కూడా లోపలికి జార్చాడు. ఒక్క మనిషి పట్టే మూతి అది. ఇద్దరి మోకాళ్లూ ఒకదానికొకటి ఆనుకుని ఇరుక్కున్నాయి. ఇంక ఎవరూ దిగడానికి లేదు.

"దిగితే ఇద్దరమూ దిగుదాం పా," అన్నాడు.

"పిల్లోళ్లు ఏడుస్తాండేది నీకు ఇనపడల్యాదా నాయనా? కింద గింజలు పెట్టుకోని పైన మాడి సావల్లనా?" అన్నాడు నాయన.

"ఇనపడతాండాది. నువ్వు పోతే ఇంకా గట్టిగా ఏడుస్తారు."

తండ్రీ కొడుకులు అట్లా కాళ్లు ఇరికించుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు. ఇంకో రోజైతే ఊరంతా నవ్వేది. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

అంతలో పక్కింటి అక్క వచ్చింది. వాకిలి వైపు నుంచే వచ్చింది. చేతిలో లాంతరు ఉంది. అన్నేళ్లూ తప్పుకు తిరిగిన పాతర దగ్గరికి ఆగకుండా వచ్చింది.

"జేజినాయనా, నా కందీల్లో రవ్వంత సీమనూనె ఉండాది. దీన్ని దించండి," అంది. ఆమె లాంతరును కందీలనేది. తర్వాత మా నాయన వైపు చూసింది. "ఆ పొద్దు మేమూ ఆముదం దీపమే దించితిమి పెద్దనాయనా. ఆరింది. గాలికి ఆరిందిలే, దిగు అని చెప్పింది నేనే."

ఆ మాటతో నాయన కాళ్లు పైకి తీశాడు.

లాంతరు వెలిగించి, అద్దం దించి, ఉట్టిలో పెట్టి వదిలారు. నేను స్తంభం వదిలి జేజి కొంగు పట్టుకుని తొంగి చూశాను. బయట గాలి ఈడ్చి కొడుతున్నా అద్దం వెనుక మంట కదలకుండా నిలబడింది. మూతి దాటింది, ఇంకా వెలుగుతూనే ఉంది. చొప్ప గోడలు పసుపుపచ్చగా కనిపించాయి. ఆ తర్వాత మంట పొట్టిదయింది. అంచున నీలంగా మారింది. ఎవరో లోపల కూర్చుని వత్తిని మెల్లగా కిందికి తిప్పుతున్నట్టుగా తగ్గి తగ్గి ఆరిపోయింది. ఇంక గాలి మీద తప్పు వెయ్యడానికి లేదు.

నాయన నడుముకున్న మోకు విప్పబోతే ముడి రాలేదు. నేను పరుగెత్తి ఆయన్ను వాటేసుకున్నాను. ఆ మోకు నా బుగ్గకు గుచ్చుకుంది. ఆయన నన్ను విడిపించుకోలేదు. అక్క పాతర పక్కనే కూలబడి, భర్త పోయిననాడు ఏడవనంత ఏడుపు ఆ రోజు ఏడ్చిందని జేజి తర్వాత చెప్పేది.

జేజినాయన పై ఊరి చుట్టాల దగ్గరికి పోయి తువ్వాలు మూటలో గింజలు బదులు తెచ్చాడు. పాతర మూతి తెరిచే ఉంచి, వేపకొమ్మలు మోపుగా కట్టి, తాడుతో దించుతూ లాగుతూ లోపలి గాలిని కదిలించారు. ఈలోగా సాయిబు అంగడికి టిన్ను వచ్చింది. ఊరంతా తెలిసిన సంగతే కదా, ఆయనే సీసా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "ఓడ వచ్చింది పాపా," అన్నాడు నాతో. నేను తల ఎత్తలేదు. ఆ నూనెతో మళ్లీ లాంతరు దించారు. ఈసారి అది అడుగుదాకా పోయి అట్లాగే వెలుగుతూ ఉంది. నాయన దిగాడు. ఆయన పైకి వచ్చేదాకా నేను మోకు మీది నుంచి కన్ను తీయలేదు.

పైపొర గింజలు నల్లబడి గడ్డకట్టాయి, పారేశారు. మిగతావి మంచివే. తెరిచిన పాతర కాబట్టి వీధిలో అందరూ గంపలు తెచ్చుకున్నారు, పంట వచ్చాక తిరిగి పోసే మాట మీద. అక్క ఇంటికి మొదటి గంప పోయింది. అన్నేళ్లు కాపాడిన పాతర కొత్త పంట దాకా కూడా రాలేదు. మళ్లీ సంతకు పోయి కొన్నాం, విత్తనాలూ కొన్నాం.

పాతర ఖాళీ చేసిన సాయంత్రం దాని అంచున కూర్చుని జేజినాయన నన్ను పిలిచాడు. దినమంతా బయట గాలికి ఎండిన గింజ మీద చెయ్యి ఆడిస్తూ చెప్పాడు.

"ఓడ ఏంటికని అడిగితివే పాపా, ఇప్పుడు చెబుతా. భూమిలో ఉండేది మనదే. కానీ మన చేతిలో ఉండాదా? దిగల్ల, తీయల్ల, చెడింది ఏరల్ల, అందరికీ చాలల్ల. కొన్నిటికి అది పనికే రాదు. అందాకా పొయ్యి ఆరకూడదు గదా, అందుకే కొంటాం. దేశమైనా అంతే అనుకుంటా. కొనేది సిగ్గు కాదమ్మా. ఆ పొద్దు మీ నాయన్ను కాచింది ఓడలో వచ్చిన నూనే."

పెద్దయ్యాక చదువుకుని చూస్తే ఆయన మాటలో పెద్ద తప్పేమీ కనిపించలేదు. మన నూనె ఉన్నది నిజమే, మన అవసరానికి చాలదు. కొంత ఎక్కడో లోతుల్లో, సముద్రం కింద ఉంటుంది. తీయడానికి అయ్యే శ్రమ కంటే కొనడమే మేలైన సందర్భాలు ఉంటాయి. ఒక్కో చోటి నూనె ఒక్కో తీరు, శుద్ధి చేసే యంత్రాలన్నిటికీ అన్నీ పడవు. కొంత రేపటికని కూడా దాచుకోవాలి. ఇవన్నీ మా జేజి తిరగలి దగ్గర, జేజినాయన పాతర అంచున కూర్చుని జొన్నల గురించి చెప్పినవే.

మొన్న పెట్రోలు బంకు దగ్గర కారు ఆపి మా మనవడు విసుక్కున్నాడు. మన భూమిలో అంత నూనె పెట్టుకుని పరాయి దేశాల దగ్గర కొనడమేమిటి, తవ్వి తీసుకోవచ్చు కదా అన్నాడు. వాడికి ఏదో చెప్పబోయాను. అద్దం వెనుక నీలంగా మారిన ఆ మంట కళ్లముందు కనిపించింది. నా బుగ్గకు ఆనాటి మోకు మళ్లీ గుచ్చుకుంది. వాణ్ణి ఒక్కటే అడిగాను: "తీయొచ్చులే నాయనా. దిగేది ఎవరి నాయన?"