మోటారు గది పక్క వేప

పోయేముందే తనకు సమాధి వద్దన్నాడు మా అన్న. రాయి పెడితే బొట్టు పెడతారు, బొట్టు పెడితే కొబ్బరికాయ కొడతారు, ఇన్నేళ్లు హేతువాద సభల్లో మనం అరిచిందంతా వృథా అన్నాడు. వర్ధన్నపేట దగ్గరి మా చెలక చేనులో, మోటారు గది పక్కన అన్నను పాతిపెట్టి, మీద ఒక వేపమొక్క నాటాము. అది సరైన పనేనని ఇవాళ్టికీ అంటాను.

ఆ వెంటనే కరోనా వచ్చింది. చేను కౌలుకిచ్చాము. రెండేళ్లకు హన్మకొండ నుంచి మళ్లీ అక్కడికి వెళ్లేసరికి మోటారు గది పక్కన వేప ఏపుగా ఉంది. నాటిన మొక్క అప్పుడే ఇంతైందా అని ఎవరమూ అడగలేదు. ప్రతిదాన్నీ ప్రశ్నించమని ఊరూరా చెప్పినవాళ్లం! అప్పటినుంచి వదిన వీలైనప్పుడల్లా వెళ్లి ఆ నీడలో కూర్చునేది. దండం పెట్టేది కాదు. ఇంటి సంగతులు చెప్పేది.

అన్న కూతురి ఉద్యోగం ఉపగ్రహ చిత్రాల్లో ఏ చెట్టుకాచెట్టును గుర్తించి పటం గీయడం. ఈ వానాకాలం ఒకరోజు, “బాపు చెట్టు ఎంతగనం పెరిగిందో చూద్దాం అమ్మా,” అంటూ కంప్యూటర్ తెరిచింది.

“రాయి పెట్టనియ్యకపోతిరి. ఇప్పుడు ఆకాశంల నుంచి దేవులాడుతాన్రా?” అని నవ్వి, వదిన చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

పిల్ల మా చేను చిత్రాలను ఒక్కో ఏడాది వెనక్కి జరుపుతూ అన్న పోయిన నెల దగ్గర ఆగిపోయింది. వదిన కూర్చునే గట్టు మీది వేప అప్పటికే ఉంది, చిన్న చుక్కలా. దాని పక్కన గది లేదు. గది చేను అవతలి మూలన ఉంది. దాన్ని ఆనుకొని, ముదురు రంగులో, అప్పుడే తవ్విన మట్టి. తర్వాతి ఏడాది అక్కడ గదీ లేదు, మొక్కా లేదు. పత్తి సాళ్లు. కౌలు రైతు పాత గది పడగొట్టి, గట్టున కొత్తది కట్టుకున్నాడు. మేము గదినే గుర్తుపెట్టుకున్నాం, మూలను కాదు.

“చిన్నబాపూ, అమ్మకు చెప్పకు. ఇగ ఆడ కూసోదు,” అంది పిల్ల గొంతు తగ్గించి.

ఓదార్పు కోసం అబద్ధం చెప్పే హక్కు ఎవడికీ లేదని స్వాములతో, పూజారులతో జీవితమంతా కొట్లాడాను. మా ఇంటికి వేరే న్యాయమా? చెప్పాను.

వదిన చాయ్ గ్లాసులు కింద పెట్టింది.

“మరి ఇన్నొద్దులు నేను ఎవలితోని మాట్లాడిన మరిదీ?”



మరునాడు తీసుకెళ్లి చోటు చూపించాము. నడుము దాకా పెరిగిన పత్తిలో, ఎండలో నిలబడింది.

“ఇక్కడేనా?”

“ఇక్కడే వదినా.”

“కూసుందామంటే జాగ లేదు. పాపం, కౌలుకున్నాయన పంట ఇరుగుతది.”

ఇప్పటికీ చేనుకు వెళుతుంది. వేప వైపు చూడదు. పత్తిలో కాసేపు నిలబడి, ఏమీ మాట్లాడకుండా వచ్చేస్తుంది.