నాన్నగారికి వాసన తెలియని ఏడాది

కొత్తపేటలో, అమలాపురం వెళ్ళే రోడ్డు మీద మా నాన్నగారికి ఒక రిపేరు షెడ్డు ఉండేది. పైన రేకులు, మూడు వైపులా కొబ్బరాకుల దడి, చూరు కింద వాన నీళ్ళు పట్టుకునే రెండు పెద్ద డ్రమ్ములు. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన అక్కడే పని చేశారు. బండి వస్తే ఆయన వెంటనే బోనెట్ ఎత్తేవారు కారు. చేతులు వెనక్కి కట్టుకుని, బండి ముందు నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చేవారు. క్లచ్ కాలిందనో, డీజిల్ కారుతోందనో అప్పుడే చెప్పేసేవారు. డ్రైవర్లు నవ్వుకునేవారు గాని, విప్పి చూస్తే ఆయన చెప్పిందే ఉండేది.

ఆడపిల్లనని నన్ను లోపలికి రానిచ్చేవారు కారు. బడి నుంచి వస్తూ దడి పక్కన నిలబడి చూసేదాన్ని. నాకు నలభై దాటాక గాని ఆ షెడ్డులో నా చేతికి స్పానర్ రాలేదు.

నేను ముక్తేశ్వరం వైపు ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. బస్సు దిగి ఆటో కోసం ఎండలో నిలబడీ నిలబడీ విసిగిపోయి, కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఒక పాత కారు కొన్నాను. నాన్నగారికి చెప్పకుండా కొన్నాను. అది రాజోలు దాటి సముద్రం వైపు ఊళ్ళో తిరిగిన బండి. ఆయన వద్దంటారని తెలుసు. తీసుకెళ్ళి చూపిస్తే, "ఉప్పు గాలి తిన్న బండమ్మా ఇది" అన్నారు. అంతే, ఆ తరవాత దాని ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండు నెలలు బాగానే తిరిగింది. వానలు మొదలయ్యాక, ఏటిగట్టు మీద వెళ్తుంటే వేడి చూపించే ముల్లు పైకి పాకడం మొదలైంది. ఇంజనును చల్లబరిచే కూలెంట్ ఉండే తెల్ల డబ్బా చూస్తే అడుగంటింది. నీళ్ళు పోశాను. వారం తిరిగేసరికి మళ్ళీ అదే పరిస్థితి. అమలాపురంలో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే రేడియేటర్ మూత మార్చారు. ఇంకో చోట కింద ఎక్కడా చుక్క పడటం లేదు, మీరే భయపడుతున్నారని పంపేశారు. చుక్క పడకుండా నీళ్ళు ఎటు పోతున్నాయో నాకు అర్థం కాలేదు. చివరికి ఒక శనివారం ఉదయం, చర్చి మహిళా కూటానికి వెళ్ళాల్సినదాన్ని మానేసి, బండి తెచ్చి నాన్నగారి షెడ్డులో పెట్టాను.

అప్పటికి అమ్మ పోయి నాలుగేళ్ళు. నాన్నగారు షెడ్డు వెనక గదిలోనే ఉండేవారు. మా ఇంటికి రమ్మంటే వచ్చేవారు కారు. పనిలోకి వచ్చే బళ్ళు కూడా తగ్గాయి. వయసు మీద పడింది, కుర్ర డ్రైవర్లు కొత్త గ్యారేజీలకు వెళ్ళిపోతున్నారు అనుకున్నాను.

ఆయన ఎప్పటిలా బండి ముందు నిలబడలేదు. నేరుగా కింద పడుకుని వెతకడం మొదలుపెట్టారు. ఎడం వైపు కింద తడి కనిపించింది. వేలితో తాకి, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసుకున్నారు. ఇది ఏసీ నీరే, జిడ్డు లేదు, కూలెంట్ అయితే వేలికి జారుతుంది అని చెప్పారు. పాత అట్టపెట్టె ఒకటి విప్పి బండి కింద పరిచి ఆ రాత్రికి వదిలెయ్యమన్నారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే అట్ట పొడిగా ఉంది.

అప్పుడు ఒక చేతి పంపు తీశారు. దానికి గాలి ఒత్తిడి చూపించే చిన్న గడియారం ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, దాని స్థానంలో ఈ పంపు బిగించి, గాలి కొట్టారు. లోపల నీటికి ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటికి రావాలి. నెమ్మదిగా ముల్లు పడిపోతూనే ఉంది. గొట్టాలన్నీ, క్లిప్పులన్నీ చూశాం. ఎక్కడా తడి లేదు. నాన్నగారు స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆయన అంత తోచకుండా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

మాట మార్చడానికి అన్నట్టు, బళ్ళో పూతరేకుల వాసన ఇంకా పోలేదని చెప్పాను. కిందటి నెలలో ఆత్రేయపురం నుంచి రెండు పెట్టెలు తెచ్చి మా హెడ్మాస్టరు గారింట్లో ఇచ్చాను. అప్పటి నుంచీ తియ్యటి వాసన వస్తూనే ఉంది.

ఆయన తలెత్తారు. ఎప్పుడు వస్తోంది, ఎండలోనా, ఏసీ ఫ్యాను వేసినప్పుడా అని అడిగారు. ఫ్యాను వేసినప్పుడే ఎక్కువ అన్నాను. ఆయన వెళ్ళి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు. ఇంజను కాసేపు తిప్పించి ఫ్యాను వెయ్యమన్నారు. గుప్పుమని వచ్చింది వాసన, పాకం పొయ్యి మీద ఉడుకుతున్నట్టు. ఆయన కళ్ళు మూసుకుని పీల్చారు. మళ్ళీ పీల్చారు.

"నీకు ఇప్పుడు వస్తోందా?"

"వస్తోందండి. చాలా ఎక్కువగా వస్తోంది. మీకు రావట్లేదా నాన్నగారూ?"

ఆయన చెయ్యి చాచి ఫ్యాను తనే ఆపేశారు.

"నాకు వాసన తెలియడం లేదమ్మా. ఆ కరోనా జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ లేదు. పాలు మాడినా తెలీదు. ఎవరికీ చెప్పలేదు."

ఏడాదిన్నర. వారానికి రెండుసార్లు అన్నం, కూర తీసుకెళ్ళి ఇచ్చిన దాన్ని, చేపల పులుసు ఎలా ఉందని అడిగిన దాన్ని, బాగుందమ్మా అంటే నమ్మిన దాన్ని. బళ్ళు ఎందుకు తగ్గాయో కూడా అప్పుడే అర్థమైంది. ఆయనే పంపించేసేవారు. వాసన చూడకుండా బండి గురించి చెప్పడం అబద్ధం చెప్పినట్టు ఉంటుందని తరవాత ఒకసారి అన్నారు.

ఆయన బండి దిగి, స్పానర్ల పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు.

"నీ కాళ్ళ దగ్గర మ్యాట్ కాదు, నేను కూర్చున్న వైపు మ్యాట్ ఎత్తి చూడు. చెయ్యి పెట్టి వాసన చూసి నాకు చెప్పు."

ఎత్తాను. కింద తివాచీ చెమ్మగా ఉంది. వేళ్ళకి జిగురులా జారింది, అదే తియ్యటి వాసన. ముందు అద్దం లోపలి వైపు వేలితో రాయమన్నారు. నూనె రాసినట్టు గీత పడింది. ఇన్నాళ్ళూ అది వాన ఆవిరి అనుకుని తుడుస్తున్నాను.

అప్పుడు ఆయన ముఖం వెలిగింది. అది పూతరేకుల వాసన కాదు, కూలెంటుదే అన్నారు. చలి ఊళ్ళలో బండి లోపల వెచ్చగా ఉండటానికి హీటర్ ఉంటుంది. ఇంజను వేడి నీళ్ళు రెండు గొట్టాల్లో దాని దగ్గరకు వెళ్ళి తిరిగొస్తాయి. ఆ హీటరుకే చిల్లు పడింది. అందుకే చుక్క కింద పడకుండా లోపల తివాచీలోకి ఇంకుతోంది. కొత్తది వెయ్యాలంటే డాష్‌బోర్డు మొత్తం ఊడదియ్యాలి.

"మన కోనసీమలో హీటరెందుకమ్మా? ఆ రెండు గొట్టాలూ ఒకదానికొకటి కలిపేద్దాం" అన్నారు. చాలా రోజులకి ఆయన నవ్వడం చూశాను.

కలపడం నా చేతే చేయించారు. ఇంజను వెనక గోడ దగ్గర చెయ్యి పట్టని చోట క్లిప్పు వదులు చేసి, గొట్టం మెలిపెట్టి లాగడానికి ముప్పావు గంట పట్టింది. రేడియేటర్ అడుగున బిరడా తీస్తే నీళ్ళు ఎర్రగా బయటికొచ్చాయి. ఇటుక పొడి కలిపినట్టున్నాయి. పాత యజమాని ఏళ్ళ తరబడి కూలెంట్‌లో బోరు నీళ్ళే కలిపి పోశాడు. ఆ ఊళ్ళ బోరు ఉప్పు కషాయం. అదే లోపల లోహాన్ని తినేసింది.

మిగతా రోజంతా కడిగే పనే. డ్రమ్ముల్లోని వాన నీళ్ళు గుడ్డతో వడకట్టి పోశాం. రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా ఇంజను నడిపించాం. ఆపి, పూర్తిగా చల్లారేదాకా ఆగాం. వేడి మీద మూత తీస్తే ముఖం కాలిపోతుందని ఆయన నాకు మూడుసార్లు చెప్పారు. చల్లారాక వంపాం, మళ్ళీ పోశాం. ఆగే సమయంలో ఆయన మాట్లాడారు. అమ్మ షెడ్డుకి క్యారేజీ తెచ్చేటప్పుడు దూరం నుంచే ఏం కూరో చెప్పేవారట. అమ్మ కావాలని గిన్నె మీద గిన్నె పెట్టి తెచ్చేదట. నాకు అవి తెలియవు. ఆ ఒక్క రోజు విన్నాను.

ఆ మురికి నీళ్ళు నేను పొలానికి నీళ్ళు పారే బోదెలోకి పారబోస్తుంటే ఆయన కోప్పడ్డారు. తియ్యగా ఉంటుందని కుక్కలూ దూడలూ తాగేస్తాయి, చచ్చిపోతాయి. అంతా డబ్బాలోకి పట్టి మూత పెట్టించారు. నాలుగో విడతకి నీళ్ళు తేటగా వచ్చాయి. కూలెంట్ సగం, వాన నీళ్ళు సగం కలిపి పోసి, మూత పెట్టకుండా ఇంజను నడుపుతూ పై గొట్టం నొక్కుతుంటే లోపలి గాలి బుడగలు బుడగలుగా వచ్చింది. బుడగలు ఆగాక మూత బిగించాను. సాయంత్రం ఏటిగట్టు మీద ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళొచ్చాను. ముల్లు సగం దగ్గర నిలబడిపోయింది.

ఆ తరవాతి శనివారం ఆయన పిలవకుండానే వెళ్ళాను. అలా ఏడాదిపాటు ప్రతి శనివారం. ఆయన పాత డ్రైవర్లకు కబురు పెట్టాను. బండి రాగానే ముందు నేను వెళ్ళి నిలబడి వాసన చూసేదాన్ని. "తియ్యగానా, గొంతులో గుచ్చుకున్నట్టా?" అని అడిగేవారు. చెబితే మిగతాది ఆయన తేల్చేవారు. "ఆయ్, టీచరు గారు చూసేరంటే ఇంక తిరుగులేదండి" అని ఒక లారీ డ్రైవరు అనేవాడు. తప్పులూ చెప్పాను. బ్రేకు కాలిన వాసనను క్లచ్ అన్నానని ఆయన వారం రోజులు నవ్వారు.

మరుసటి ఏడు రోడ్డు వెడల్పు చేస్తూ షెడ్డు ముందు భాగం తీసుకున్నారు. మిగిలిన దానిలో బండి పట్టదు. నాన్నగారు పనిముట్లు రావులపాలెంలో ఉన్న ఒక పాత శిష్యుడికి ఇచ్చేసి మా ఇంటికి వచ్చేశారు. వాసన కొంత తిరిగి వచ్చింది. పెట్రోలు తెలుస్తుంది, ఆవకాయ తెలుస్తుంది. కూలెంట్ మాత్రం తెలియదు.

షెడ్డు ఉండిన చోట ఇప్పుడు తారు రోడ్డూ, పక్కన సిమెంటు మురుగుకాలవా ఉన్నాయి. రోజూ ఆ మీదుగానే బడికి వెళ్తాను. ఒకసారి నాతో వస్తున్న తెలుగు టీచరుగారు, ఇక్కడ ఎందుకండీ స్లో చేసేరు అని అడిగారు. గుంత ఉందనుకున్నానని చెప్పాను.