దొండపందిరి కింద దారి

2022 ఎండాకాలం. అనంతపురం బైపాస్ అవతల, ఒకప్పుడు చెనక్కాయ పండిన ఎర్రనేలలో లేచిన కొత్త కాలనీ అది. ఇల్లు కట్టగానే చుట్టూ ప్రహరీ దాకా బండలు పరిచేయడం మావాళ్ళ అలవాటు. దుమ్ము లేవదు, కడుక్కోవడం సులువు, నలుగురి కళ్ళకూ దర్జాగా కనబడుతుంది. మధ్యాహ్నమయ్యేసరికి మాత్రం వాటి మీద జొన్నరొట్టెలు కాల్చుకోవచ్చు. పొద్దు గూకినా ఆ వేడి ఎక్కడికీ పోదు, ఇంట్లోకే వస్తుంది. నేను ఊళ్ళో చిన్న నర్సరీ నడుపుతూ, ఇళ్ళకు తోటలు వేసి పెడుతుంటాను. బండలు పరిచేవాళ్ళకూ నాకూ చాలాకాలంగా పడదు.

ఆ కాలనీకి ఒక పక్క గుట్ట, ఇంకో పక్క చెరువు. గుట్ట మీది ఉడుతలూ ముంగిసలూ నీళ్ళకు పోవాలంటే ఈ కాలే బండలూ గోడలూ దాటాలి. చివరి వరుస ఇళ్ళవాళ్ళు తలా కాస్త పెరడు వదిలి పొదలు పెంచి, పక్కగోడల అడుగున చిన్న బొక్క పెడితే వాటికి నీడలో నడిచే దారి దొరుకుతుంది. మా పనిలో దీన్ని గ్రీన్ కారిడార్ అంటాం. ఇళ్ళూ చల్లబడతాయి. కానీ ఒక్క ఇల్లు కాదన్నా దారి అక్కడే తెగిపోతుంది. ఆ వరుసలో అందరినీ ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నడిమి ఇల్లు సువార్తది. ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆ అమ్మాయిని నేను బతిమాలే పని లేకపోయింది, తనే నర్సరీకి వచ్చింది.

"అక్కా, ఉడుతల సంగతి నాకు తెల్దు. మా నాయన పండుకునే గది చల్లబడతాదా లేదా, అదొకటి చెప్పు" అంది.

వాళ్ళ నాయన యాకోబు. కుందుర్పి దిక్కున బతుకంతా కూలిపని చేసిన మనిషి. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. ఆయన గది పడమటి వైపు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే బండల సెగ. ఆ ఏడే వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో చావు దాకా పోయి వచ్చాడు. కూలర్ పెడదామంటే బోరులో నీళ్ళే అంతంతమాత్రం.

"ఇంకో ఎండాకాలం ఇట్లే గడిస్తే మా నాయన నాకు దక్కడు" అని ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అంతవరకూ నా మనసు ఉడుతల మీదే ఉండింది. ఆ రోజు నుంచి ఆ కిటికీ మీదికి పోయింది.

తొలకరికి పని మొదలుపెట్టాం. పడమటి పక్క బండలు పెరికించి, కిటికీ ముందు పందిరి వేసి దొండతీగ పాకించాను. ప్రహరీ వెంబడి కానుగ, సీతాఫలం, గోరింట పెట్టాను. ఒక్కో మొక్క పక్కన ఒక మట్టికుండ పూడ్చి నీళ్ళు పోస్తే, ఆ చెమ్మ మెల్లగా వేళ్ళకు అందుతుంది. పైన మందంగా ఎండుటాకులు పరిచాను. దీన్ని మల్చింగ్ అంటాం, నేలకు దుప్పటి కప్పడమే. మా నేలలో ఆ దుప్పటి లేకుంటే పోసిన నీళ్ళు సాయంత్రానికి ఆవిరే. రెండు పక్కగోడల్లోనూ ముంగిస పట్టేంత బొక్క పెట్టించాను.

కొన్నాళ్ళ తర్వాత పోయి చూస్తే నాకు కడుపు మండిపోయింది. ఆకు అన్నది లేదు! నేలంతా కడిగిన పళ్ళెంలా ఉంది. మూలన బూడిదకుప్ప. కానుగ మొక్కలు తలలు వేలాడేసుకున్నాయి. చెరువు వైపు బొక్కలో పెద్ద రాయి దూర్చి చుట్టూ బురద మెత్తి ఉంది. సువార్త వాళ్ళమ్మ శాంతమ్మ పరక చేతిలో పట్టుకుని, పెళ్ళివారిని ఎదుర్కోవడానికి నిలబడినట్టు దర్జాగా నిలబడింది.

"పెద్దమ్మా, ఆకులన్నీ ఏం చేసినావు?"

"ఊడ్చి కాల్చినా. ఇల్లనుకున్నావా, పెంటదిబ్బ అనుకున్నావా? తెల్లారేసరికి వాకిలి ఊడ్చని ఆడది యాడన్నా ఉంటాదా?"

"అవి చెత్త కాదు, నేలకు దుప్పటి. నువ్వు ఊడ్చేది చెట్ల ప్రాణం!"

"ఓయమ్మ, ప్రాణమంట! రేపు కసువుకి దండం పెట్టమంటావేమో!"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మొక్కలు చచ్చిపోతే ఈ గది చల్లబడదనీ, యాకోబు పెద్దనాయన సంగతి ఇక ఆమే చూసుకోవాలనీ గట్టిగా అనేశాను. శాంతమ్మ పరక గోడకానించి మెట్టు మీద కూర్చుంది.

"మాకు దేవదానమని తమ్ముడుండె" అంది. "నేనే ఎత్తుకోని తిరిగేదాన్ని. చింతచెట్టు కింద ఆకుల కుప్పలో గోలీ పడిందని చెయ్యి పెట్టినాడు. కట్లపాము. బండిలో ఆస్పత్రికి తీస్కపోతాంటే ఊరు దాటకముందే నా ఒళ్ళోనే పోయినాడు. అప్పుట్నించి ఆకు కనపడితే నా చెయ్యి ఊరుకోదమ్మా. నువ్వు చెరువు దిక్కు బొక్క పెట్టి పోయినావు. నాకు కన్ను మూతపడలేదు. మంచంలో ఉండే ఆయప్పేమో లేసి పారిపోయే మనిషి గూడా కాదు."

ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. ఇంతమంది ఇళ్ళకు తోటలు వేశానే, ఆకుల కింద ఇంత దుఃఖం ఉంటుందని నాకు తట్టలేదు.

ఆ రోజు ఇద్దరం కలిసి ఒక ఒప్పందానికి వచ్చాం. పెరికిన బండల్నే తెచ్చి, ఇంటి గోడకూ మొక్కలకూ నడుమ, పందిరి నీడ పడేచోట, వెడల్పుగా ఒక వరుస పరిపించాను. బండకు ఇవతల ఆమె రాజ్యం, ఎంతైనా ఊడ్చుకోవచ్చు. అవతల మొక్కలది. ఏ పురుగూ పుట్రా దాటినా ఆ తెల్లటి బండ మీద కనబడిపోతుంది. దొండతీగ మొదలు దగ్గర మాత్రం ఆకులు వద్దు, కుండ ఒక్కటే. చెరువు వైపు రాయి ఆమె తీయమన్నప్పుడే తీస్తాను.

"నేను తియ్యమనను" అంది శాంతమ్మ.

"సరే, అనొద్దులే" అన్నాను. కారిడార్ ఆ గోడ దగ్గర తెగిపోయింది. ఆమెను ఇంకా అడగడానికి నాకు మనసొప్పలేదు.

మళ్ళీ ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం పోయాను. దొండతీగ పందిరంతా కమ్ముకుంది. కిటికీ బార్లా తెరిచి ఉంది. గదిలో యాకోబు పెద్దనాయన దిండుకు ఆనుకుని బయటికే చూస్తున్నాడు. నీడలో పెట్టిన నీళ్ళ మూకుడు దగ్గర పికిలిపిట్టలు పోట్లాడుకుంటున్నాయి. నేను లోపలికి పోయి చేయి చాచి చూశాను. గాలి వేడిగానే ఉంది కానీ సెగ లేదు.

అంతలో గుట్ట వైపు బొక్కలోంచి ఒక ముంగిస వచ్చింది. పొదల కిందుగా నడిచి చెరువు వైపు గోడ దాకా పోయింది. రాయిని గీకింది, వాసన చూసింది, మళ్ళీ గీకింది. కాసేపు అట్లే కూర్చుని వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"దినామూ ఇదే కత" అంది నాకు చెంబుతో నీళ్ళు తెచ్చిన శాంతమ్మ. "వస్తాది, గీకుతాది, పోతాది. దప్పికేమో పాపం. మూకుట్లో నీళ్ళు తాగదు, మనిషిని చూస్తే బెదురు."

మంచం మీంచి ఏదో శబ్దం వచ్చింది. పెద్దనాయన బాగున్న చేతిని కిటికీ వైపు చాచి ఊపుతున్నాడు.

"ఏమయ్యా, నీళ్ళు కావాల్నా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. పెదవులు వంకరపోయాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి.

"రా... యి" అన్నాడు. "రాయి... తీయి. శాంతా."

శాంతమ్మ చేతిలోని చెంబు కింద పడింది. ఏడాది పైగా ఆ నోట్లోంచి తన పేరు వినలేదామె. మంచం పట్టెను పట్టుకుని బోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది?

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, గడ్డపార తీసుకుని తనే బయటికి నడిచింది. నేను సాయం పోతే దగ్గరికి రానివ్వలేదు. ఎండిన బురద పొడిచి, రాయిని దొర్లించి, బొక్కలోంచి అవతలికి తొంగి చూసింది.

"పామొస్తే?" అంది నా వైపు తిరిగి.

"రాదని నేను చెప్పలేను పెద్దమ్మా."

"నువ్వేం చెప్తావులే. ముంగిస ఉండాది. నేనుండా" అని గడ్డపార గోడకానించింది.

యాకోబు పెద్దనాయన ఆ ఎండాకాలం దాటాడు. కిటికీ మూయబోతే ఒప్పుకోడని సువార్త ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు నేను ఏ ఇంటికి తోట వేయడానికి పోయినా, మట్టి చేతిలోకి తీసుకునే ముందు ఆ ఇంట్లో పరక పట్టేది ఎవరో కనుక్కుంటాను. వాళ్ళ దగ్గర కూర్చుని, దేనికి భయపడతారో అడుగుతాను. ఆ తర్వాతే గుంత తీస్తాను.

మొన్న ఆ వీధిలోంచి పోతూ గేటు దగ్గర ఆగాను. శాంతమ్మ ఎప్పట్లాగే వాకిలి అద్దంలా ఊడుస్తోంది. రాలిన కానుగాకులు ఒకచోట కుప్ప చేసింది. అగ్గిపెట్టె కోసం పోతుందేమో అని చూస్తూ నిలబడ్డాను. ఆమె ఆ కుప్పను పరకతో మెల్లగా నెట్టుకుంటూ, బండల వరుస దాటించి, చెట్ల మొదళ్ళలోకి తోసింది. వంగి చేత్తో సర్ది, తల ఎత్తేసరికి నేను కనబడ్డాను.

"ఏం చూస్తాండావు? వాటి దుప్పటి వాటికి కప్పుతాండా" అంది.