ఏటవాలు మీద రెండు బళ్ళు

"...అయితే నువ్వు కూడా ఆ బండెక్కి సంత్రాగాఛి ఎల్లొచ్చావన్నమాట."

"ఎల్తే ఏటి? మా సెల్లి బండి. లోపల సల్లగా ఉంది, కూకున్నాను."

"నా బండి ఏడిగా ఉంటదా?"

"ఉంటది. పద్నాలుగేళ్ళ నుంచీ ఉంది. ఏ రోజైనా ఏటన్నా అన్నానా?"

హుగ్లీ ఒడ్డున ఖిదిర్‌పూర్ రేవు వెనకాల ఆ వరస ఇళ్ళలో గోడలు పల్చన. ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటే మూడిళ్ళకు వినపడుతుంది. ఆ సంగతి గురువులుకు తెలుసు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చి తన పికప్ ముందు అద్దం తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. లోపల సన్యాసమ్మ గిన్నెలు సర్దుతోంది.

గురువులుకు యాభై మూడేళ్ళు. అతని తాత టెక్కలి వైపు నుంచి వచ్చి రేవులో మూటలు మోశాడు. తండ్రి కార్పొరేషన్ చెత్తబండి తోశాడు. ఆ ఇంట్లో తన పేరున బండి ఉన్న మొదటి మనిషి గురువులే. షాలిమార్‌లో పందిళ్ళు వేసే మండల్ బాబుకు పెద్ద గోడౌను ఉంది. దుర్గా పూజల రోజుల్లో అక్కణ్ణుంచి ఇనప గొట్టాలు, గుడ్డలు, చక్రాల మీద నడిచే జనరేటరు ఊరంతా వెళతాయి. పద్నాలుగేళ్ళుగా ఆ జనరేటరును లాగేది గురువులు బండే. "గురు దా వచ్చాడు" అని ఏ వీధిలోనైనా అన్నని పిలిచినట్టు అన్నారంటే, ఆ సాయంత్రం అక్కడ దీపాలు వెలుగుతాయని అర్థం.

నరసింహం అతని తోడల్లుడు, సన్యాసమ్మ చెల్లెలు పుష్పరాణి భర్త. ఆరేళ్ళు గురువులు పక్క సీట్లో కూర్చుని తాళ్ళు బిగించాడు, టైర్లు మార్చాడు. అతనికి స్టీరింగు పట్టడం నేర్పింది గురువులే. ఆ నరసింహం ఈ జూన్‌లో కొత్త పికప్ కొన్నాడు. ఒక్క వేలితో తిరిగే స్టీరింగు. వెనక్కి నడిపేటప్పుడు దారి చూపించే చిన్న తెర. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు నెల దాటినా తియ్యలేదు. బండి తెచ్చిన రోజు గురువులు ఇంటికి మిఠాయి పంపించారు. తనకు తీపి పడదని గురువులు దాన్ని పక్కింటివాళ్ళకిచ్చేశాడు. అతనికి తీపి పడకపోవడం సన్యాసమ్మ అప్పుడే విన్నది.

ఒకరోజు స్టాండులో ఎవరూ లేనప్పుడు గురువులు ఆ కొత్త బండి వెనక వంగి కింద చూశాడు. బరువు మోసే కమాను పట్టీలు లెక్కపెట్టాడు. అయిదే ఉన్నాయి. తన బండికి ఎనిమిది. ఆ రోజు సాయంత్రం దాకా అతని మనసు బాగుంది.

ఆగస్టు చివర్లో మండల్ కబురు పెట్టాడు. ఈ ఏడు పందిళ్ళు తగ్గాయి, పూజల సీజనంతటికీ ఒకే పికప్ పెట్టుకుంటానన్నాడు. రెండు బళ్ళను పక్కపక్కన పెట్టి బరువులు లాగించి తేల్చడం అతను ఫోన్‌లో ఎక్కడో చూశాడు. అలాగే చేద్దామన్నాడు. ఆదివారం ఇద్దరూ రావాలి. ఒకే బరువు, ఒకే దారి. ఏది బాగా లాగితే పని దానిది. పద్నాలుగేళ్ళ తర్వాత తనను పరీక్ష పెట్టి చూస్తారా అని గురువులు అడగలేదు. సరేనన్నాడు.

మొదట గొట్టాలు. చెరో టన్నున్నర ఎక్కించారు. కొత్త బండి వెనక భాగం నాలుగు వేళ్ళు కిందికి కుంగింది. గురువులు బండి బల్ల పరిచినట్టు నిలబడింది. గురువులు అటూ ఇటూ చూశాడు కానీ ఆ తేడా ఎవరూ గమనించినట్టు లేదు. ఇద్దరూ రెండో హుగ్లీ వంతెన మీదుగా ఖిదిర్‌పూర్ దాకా వెళ్ళి తిరిగి రావాలి. వంతెన ఎక్కేటప్పుడు నరసింహం మూడో గేరు దించకుండానే వెళ్ళిపోయాడు. గురువులు రెండులోకి దిగాడు, ఇంజను అరిచింది, వెనక నల్లటి పొగ. అతను పైకి చేరేసరికి కొత్త బండి అవతల దిగువలో చిన్నదై కనిపించింది. బయల్దేరేముందు ఇద్దరి ట్యాంకులూ నిండుగా కొట్టించారు. తిరిగొచ్చాక అదే బంకులో మళ్ళీ నింపితే గురువులు బండి అర లీటరు ఎక్కువ తాగిందని తేలింది.

గోడౌను పనివాళ్ళు కొత్త బండి చుట్టూ చేరారు. అందరూ కలిసి దాని ముందు నిలబడి, ఫోటో తియ్యమని ఫోను గురువులు చేతికిచ్చారు. గురువులు తీశాడు. బాగా రాలేదంటే మళ్ళీ తీశాడు.

గొట్టాలు దించేశారు. తర్వాతది జనరేటరు. గోడౌను నుంచి రోడ్డు మీదికి ఒక ఏటవాలు ఉంది. ముందురోజు వానకు అది జారుడుగా ఉంది. దాని మీద జనరేటరును పైకి లాగాలి. వెనక బరువు తగిలించినప్పుడు బండి ఖాళీగా ఉండకూడదు. ఖాళీగా ఉంటే వెనక చక్రాలకు పట్టు దొరకదు. అందుకని గురువులు ఎప్పుడూ వెనక చక్రాలకు సరిగ్గా పైన ఆరు ఇసక మూటలు వేసుకుంటాడు. ఆరేళ్ళు ఆ మూటలు ఎత్తింది నరసింహమే. ఎందుకని అతను అడగలేదు, గురువులు చెప్పలేదు.

కొక్కెం తగిలించే ముందు నరసింహం దగ్గరికొచ్చాడు.

"అన్నియ్యా, నీ ఇసక మూటలు ఏస్కోవాలా? షోరూమోడు ఈ బండికి అక్కర్నేదన్నాడు."

గురువులు ఆ వారంలో ఎవరితోనూ మాట్లాడనంత మెత్తగా మాట్లాడాడు.

"కొత్త బండికెందుకురా? నా ముసిలి బండికి కావాలి గానీ."

నరసింహం నవ్వి వెళ్ళి బండెక్కాడు. ఏటవాలు సగం దాకా బాగానే వెళ్ళింది. అక్కడ వెనక చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. బురద ఎగిరింది. జనరేటరు బరువుకు బండి వెనక్కి జారింది. జనరేటరు అడ్డం తిరిగి బండిని గోడ వైపు తోసింది. మూరెడు రేకు లోపలికి నొక్కుకుపోయింది, వెనక లైటు పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందరూ పరిగెత్తారు. గురువులు అందరికన్నా ఆఖర్న చేరాడు. నొక్కుకుపోయిన రేకు చూశాక అతనికి గుండెల్లో చల్లగా అనిపించింది. తన మొహం మామూలుగా ఉందో లేదో తెలియక తువ్వాలుతో తుడుచుకున్నాడు.

తర్వాత అతను తన ఆరు మూటలూ వేసుకుని, మొదటి గేరులో, నిదానంగా జనరేటరును రోడ్డు మీదికి చేర్చాడు. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. మండల్ అతని భుజం మీద చెయ్యి వేసి, పని గురు దా బండిదేనన్నాడు. ఆ తర్వాత నరసింహం వైపు తిరిగాడు. ఆరేళ్ళు చూసిన పనే కదా, ఖాళీ బండితో ఎక్కమని ఎవడు చెప్పాడని నిలదీశాడు.

నరసింహం ఒక్కసారి గురువులు వైపు చూశాడు. చూసి, మండల్‌కు బెంగాలీలో బదులు చెప్పాడు. షోరూమువాడి మాట నమ్మాననీ, తప్పు తనదేననీ అన్నాడు. వంగి పగిలిన లైటు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

తన పేరు వస్తే అనడానికి గురువులు దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది. నేనెప్పుడన్నాను అని. అది నోటిలోనే ఉండిపోయింది. తానే ఆ చోట ఉంటే పేరు చెప్పకుండా ఊరుకునేవాడినా అని చూసుకున్నాడు. ఊరుకునేవాడు కాదు. తన పక్క సీట్లో ఆరేళ్ళు కూర్చున్నవాడు ఇది ఎక్కడ నేర్చుకున్నాడో తెలియలేదు. ఆ స్టీరింగూ, ఆ చల్లదనమూ, వంతెన మీద మార్చని ఆ మూడో గేరూ అతన్ని ఇంతగా కుట్టలేదు.

టీ వచ్చింది. మండల్ జేబులోంచి కాగితం తీసి ఈ ఏటి పందిళ్ళ పేర్లు చదువుతున్నాడు, ఏ రోజు ఎక్కడికి రావాలో చెబుతున్నాడు. నరసింహం అవతల గోడ దగ్గర పుష్పరాణికి ఫోను చేసి, ఏమీ కాలేదు, చిన్న గీత పడిందని చెబుతున్నాడు. గురువులు అదీ విన్నాడు, ఇదీ విన్నాడు. మట్టి కప్పు కింద పెట్టాడు.

"దాదా, ఈ పూజలకి నా బండి రాదు. నరసింహం బండి పెట్టుకో."