గట్టు రాయికి నిమ్మకాయ పరీక్ష

ఇప్పుడు వంటగదికి రాయి కావాలంటే ఫోన్లో బొమ్మ చూసి వేలితో నొక్కుతున్నారు. మా కాలంలో రాయిని చూడాలంటే రాయి దగ్గరికే వెళ్ళేవాళ్ళం, బస్సెక్కి, సంచీలో భోజనం కట్టుకుని. నా సంచీలో భోజనంతో పాటు ఇంకో మూడు వస్తువులు ఉండేవి. గొడవంతా వాటివల్లే వచ్చింది.

కాపురానికి తెనాలి వచ్చిన కొత్త, నాకు ఇరవై రెండేళ్ళు. ఇంట్లోకి గ్యాసు పొయ్యి వచ్చింది గానీ అదీ నేల మీదే కూర్చుంది, దాని ముందు మేమూ కూర్చున్నాం. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులతో లేచేటప్పుడల్లా గోడ పట్టుకునేవారు. నిలబడి వండుకునేలా గట్టు కట్టిద్దామని నేను, నిలబడి వండడానికి ఇదేమన్నా హోటలా అని ఆవిడ. పోరగా పోరగా దిగివచ్చి ఒక షరతు పెట్టారు. "మరక పడని రాయి తెచ్చావా, నిలబడతాను. ఒక్క మరక కనిపించిందా, పొయ్యి మళ్ళీ కిందికే." మరకలు పట్టడంలో ఆవిడ కళ్ళకు తిరుగులేదు. రాయి తప్పిందంటే గట్టూ లేదు, ఈ ఇంట్లో నా మాటకు విలువా లేదు.

తెనాలిలో గ్రానైట్ ధర అడిగి కూర్చున్నవాళ్ళం కూర్చున్నట్టే లేచి వచ్చేశాం. కడప రాయి మా చేతికి అందుతుంది, కానీ అది నూనె పీలుస్తుందని పక్కింటివాళ్ళ గట్టే చెప్పింది. రేపల్లెలో పాలరాయి చవకన్నారు. వెళ్ళి, ఓ ముక్క మీద పసుపు ముద్ద, నిమ్మచెక్క, కాస్త ఆవకాయ నూనె పెట్టి అరగంట కూర్చున్నాను. తుడిస్తే మూడు మరకలూ అలాగే ఉన్నాయి (నిమ్మచెక్క పెట్టినచోట మెరుపు కూడా పోయింది). కొట్టాయన చూసి, "రాయి కొనడానికి వచ్చారా అమ్మా, ఊరగాయ పెట్టడానికా?" అన్నాడు.

పొన్నూరులో ధర మరీ ఎక్కువ చెప్పారు. ఇక మిగిలింది బాపట్ల. మా ఆయనకు సెలవని ఆదివారం బయల్దేరాం. నాకు తేదీలన్నీ నోటికి వస్తాయి (గ్యాసు బండ మార్చిన తేదీలతో సహా), తిథులు మాత్రం పట్టించుకోను. ఆ రోజు అమావాస్య. పైగా పొద్దున్నే తలంటుకున్నాను. జుట్టు ఆరలేదని విరబోసుకునే ఉన్నాను.

మేం చేరేసరికి బాపట్ల కొట్టాయన భోజనానికి వెళ్ళాడు. మా ఆయన సోడా కోసం వెళ్ళారు. వాకిట్లో బల్లమీద లేత బూడిదరంగు గ్రానైట్ పలక ఒకటి పడుకుని ఉంది. చూడగానే మనసైంది. మూడు సరుకులూ దాని మీద వరసగా పెట్టి, ఎదురుగా కూర్చుని, ఊరికే ఉండడమెందుకని కళ్ళు మూసుకుని లెక్క కట్టుకుంటున్నాను. గట్టు పొడవు, వెడల్పు, అడుగు ధర, కోతకూలి, బండి బాడుగ. లెక్క నోట్లో గొణుక్కుంటే గానీ నాకు తేలదు.

కళ్ళు తెరిచేసరికి కొట్టాయన రోడ్డుకు అవతల నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఓ పదిమంది.

"తల్లీ, నిన్ను పంపింది పొన్నూరులో మా బావమరిదేనా?" అన్నాడు అక్కణ్ణించే.

పొన్నూరులో ఆయన బావమరిదికీ రాళ్ళ కొట్టుందని నాకేం తెలుసు? ధరలు కనుక్కుంటున్నాడనుకున్నాను. "పొన్నూరు కూడా వెళ్ళామండి. ఆయన మరీ ఎక్కువ చెప్పాడు."

"ఎంత తీసుకున్నావమ్మా?"

"ఇంకా ఏం తీసుకోలేదండి. ముందు పని చేస్తుందో లేదో చూడాలి కదా."

ఆయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు. "ఎంతసేపట్లో చేస్తుంది తల్లీ?"

"అరగంటండి. ఆవకాయ నూనె ఉంది కాబట్టి ఇంకో పది నిమిషాలు చూద్దాం."

ఇంతలో మా ఆయన సోడాలు పట్టుకుని వచ్చారు. పాపం, వచ్చీరాగానే రోడ్డవతలి జనానికి మరకల సంగతి వివరించాల్సి వచ్చింది. కొట్టాయన భయంభయంగా వచ్చి, నేను రాయి తుడిచి చూపిస్తుంటే వంగి చూశాడు. అద్దంలా ఉంది. ఒక్క చుక్క దిగలేదు.

"మీ మాట నేను నమ్మానండి. కానీ బజారంతా చూసింది. ఈ రాయి ఇంకెవరు కొంటారు? మీరే పట్టుకెళ్ళండి," అన్నాడు దిగులుగా.

"అలాగేనండి. మరి నిమ్మకాయ పెట్టిన రాయికీ పెట్టని రాయికీ ఒకటే ధర ఎలా అవుతుంది?" అన్నాను.

ఆయన మా ఆయన వంక జాలిగా చూశాడు. చివరికి కడప రాయి ధరకే గ్రానైట్ బండెక్కింది.

దారంతా నా ఆనందం ఇంతా అంతా కాదు. ఇంటి గుమ్మం దగ్గర మాత్రం ఒక సంగతి గుర్తొచ్చింది. అత్తయ్యగారు తుమ్మితే ఆగే మనిషి. ఇంత చవగ్గా ఎందుకిచ్చాడని అడిగితే మా ఆయన పూసగుచ్చినట్టు చెప్పేశారు, జుట్టుతో సహా. ఆవిడ పలకను అరచేత్తో ఓసారి నిమిరారు.

"మరక పడిందా?"

"లేదండి."

"అయితే ఇంకేంటి. పొయ్యి పైకెక్కించండి."

ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఆ గట్టు ముందు నిలబడే వండారు. వచ్చినవాళ్ళందరికీ, "మా కోడలు బాపట్ల బజారుని భయపెట్టి తెచ్చింది," అని చూపించేవారు. ఇప్పుడు నేను ఆవిడ వయసు దాటాను. పరాయి ఊళ్ళో, పరాయి కొట్టు ముందు అంత ధీమాగా కళ్ళు మూసుకుని కూర్చునే ధైర్యం నాకిప్పుడు లేదు. విరబోసుకోవడానికి జుట్టూ లేదు.