అన్ని గడులూ ఒకేలా

ఆరేళ్లుగా ఒక్క లైను నన్ను పట్టుకుని వదలడం లేదు. నేను రాసిందే, కంప్యూటర్లో. చదివే మీకు నా పేరు అక్కర్లేదు. గుడివాడవాడిని, వెబ్‌సైట్లు చేసి బతికేవాడిని. అంత తెలిస్తే చాలు.

బందరులో ఆడపిల్లల హాస్టల్ ఉన్న ఒక కాలేజీకి అడ్మిషన్ ఫారం చేసే పని వచ్చింది. నా మొదటి పెద్ద పని. ఫ్రేమ్‌వర్క్ అనే రెడీమేడ్ సరంజామా దానంతట అది ఇచ్చే ఫారంలో ఒక గడి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఇంకొకటి పక్కకి జరిగి ఉంటుంది. కాలేజీ మేనేజర్‌గారు చూసి అన్నీ ఒకేలా ఉండాలన్నారు. అందుకు ఒక్కో గడికీ విడిగా క్లాస్ అనే గుర్తు తగిలించుకుంటూ రావాలి. నాకు బద్ధకం. పేజీ ఎలా కనపడాలో చెప్పే సీఎస్ఎస్‌లో అన్నిటికీ కలిపి ఒకే రూలు రాశాను. ఒకే ఎత్తు, ఒకే అంచు, ఒకే రంగు. తప్పు నింపితే గడి కింద వచ్చే ఎర్ర అక్షరాలు వరసను చెడగొడుతున్నాయని, ఇంకో లైను రాసి వాటినీ కనపడకుండా చేసేశాను. పేజీ ముచ్చటగా వచ్చింది. మేనేజర్‌గారు మెచ్చుకుంటే ఎంత పొంగిపోయానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కాలేజీలో కాగితాలు చూసి ఆ ఫారాలు నింపే ఉద్యోగం నాగమణక్కది. దివిసీమలో సముద్రం పక్క ఊరు. చేపలవేటకి వెళ్లే ఇళ్లవాళ్లు తమ పిల్లల కాగితాలు నమ్మి ఆవిడ చేతికే ఇచ్చేవారు. తండ్రి వేటలో ఉంటే ఫోను కలవదని ఆవిడకి తెలుసు. అందుకని వాళ్ల ఫోను గడిలో రెండు నంబర్లు వేసేది, తండ్రిది ఒకటి, ఒడ్డున ఉండేవాళ్లది ఒకటి. నా ఫారం పది అంకెలకి మించి తీసుకోదు. వెనక్కి కొట్టేది. సేవ్ అయినా, అవకపోయినా నింపిన వివరాలతో అదే పేజీ కనపడుతుంది. తేడా చెప్పేవి ఆ ఎర్ర అక్షరాలే. ఆవిడ అయిందనుకుని తర్వాతి కాగితం తీసేది.

అడ్మిషన్ల జాబితాలో ఆ ఊళ్ల పిల్లలు పదకొండు మంది పేర్లు లేవు. అప్పటికే సీట్లు నిండిపోయాయి.

మేనేజర్‌గారు వాళ్లలో ఒకరి కాగితం ఫొటో పంపారు. ఉన్నది ఉన్నట్టు నింపి చూశాను. నిమిషంలో తెలిసిపోయింది. తెలిశాకే కాలేజీకి వెళ్లాను.

"సిస్టంలో ఏమన్నా తేడా ఉందా బాబూ?" నాగమణక్క ఎదురుగానే అడిగారాయన.

"లేదండీ. ఎంటర్ చేస్తే పడుతుందండీ," అన్నాను.

"నేను సేవ్ నొక్కానండీ," అంది నాగమణక్క. "ఒట్టండీ. ప్రతిదానికీ నొక్కాను."

"నొక్కితే ఎటు పోతాయమ్మా?"

ఆవిడ నా వైపు చూసింది. అనుమానంతో కాదు, సాయం కోసం. నేను స్క్రీన్ వైపు చూశాను.

వారం తిరక్కుండా ఆవిడ ఉద్యోగం పోయింది. మన పిల్లల కాగితాలు పక్కన పడేసిందని సొంత ఊళ్లోనే అన్నారు. నేనా? కాలేజీకి వెళ్లొచ్చిన సాయంత్రమే చడీచప్పుడు లేకుండా ఎర్ర అక్షరాల్ని దాచిన ఆ లైను తీసేశాను.

ఎందుకు చెప్పలేదు? మొదటి పని చేజారుతుందని భయం. భయమేనా? ఆవిడ మాట కంటే నా మాటే నెగ్గుతుందని, కంప్యూటర్ తెలిసినవాణ్ణి ఎవరూ ఎదురు అడగరని లోపల ఎక్కడో తెలిసే, ఆ ధీమాతోనే అంత నిదానంగా 'లేదండీ' అనగలిగానేమో.

తర్వాత మా పిన్నితో చెప్పి చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి రాళ్లు అతికే పని ఇప్పించాను. బరువు దిగుతుందనుకున్నాను. ఇంకా బిగుసుకుంది. కనపడినప్పుడల్లా "నువ్వు చూపించబట్టే కదా తమ్ముడూ" అంటుంది. మింగలేక, కక్కలేక నవ్వుతాను. ఆ కాలేజీ పని ఇప్పటికీ నాదే. ఏటా వేసవిలో అదే ఫారం తెరవాలి. కుడితిలో పడ్డ ఎలుక బతుకు.

మొన్న బస్టాండులో కనపడి, ఉన్నట్టుండి అంది: "అప్పుడు నొక్కాననే అనుకునేదాన్ని తమ్ముడూ. ఇన్నేళ్లు అందరూ అంటుంటే, నొక్కలేదేమోననిపిస్తోంది."

బస్సు వచ్చింది, ఎక్కేశాను.

క్షమించమని అడిగే మొహం లేదు. ఇది ఆవిడ దాకా వెళ్తుందో లేదో కూడా తెలియదు. కానీ రాస్తుంటే ఆరేళ్లలో మొదటిసారి ఊపిరి ఆడుతోంది. మేనేజర్‌గారు ఆ రోజు అడిగినదానికి జవాబు ఇదీ. తేడా నా ఫారంలోనే ఉందండీ. నాగమణక్క నొక్కింది. ప్రతిదానికీ నొక్కింది.