పసరు తాగని గొంతు

“మ్మే సుందరమ్మా, వాకిలికి అడ్డం లెయ్! నా తమ్మునికి అన్నంలో మందు పెట్టి గొంతు కట్టేసినారని ప్రొద్దుటూరంతా అంటాంటే నీకు చెవుడు పట్టిందా?”

“ఊరికి నోరుండాది, అంటాది. డాక్టరమ్మ గట్టిగా దగ్గను గూడా వద్దనింది. కక్కిచ్చి, మానుతాండే గొంతును చించుకోమంటావా వదినా?”

“మూణ్ణెల్లు మూగోన్ని చేసి కూచోబెట్టింది, అదేం డాక్టరు? నీ ప్రార్థనలు యాడికి పోయినాయి?”

“పోవల్సిన కాడికే పోయినాయి. నువ్వు కేకలెయ్యాకు, దేవునికి చెవుడు ల్యాదు.”

సహోదరులారా, నేను మనవళ్లను ఎత్తిన ముసలిదాన్ని, నాలుగో తరగతితో బడి మానినదాన్ని, తప్పులుంటే దిద్దుకొని చదవండి. ఈ తగవు మా ఇంటి గడపలో జరిగింది. ఆ కేకలు వేసినామె పులివెందులలో ఉండే మా ఆయన అక్క. ఆమె వెంటబెట్టుకొని వచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టిన మనిషి మందు కక్కించేవాడు. గిట్టనివాళ్లు అన్నంలో ఏదో కలిపి పెడితే అది కడుపులో ఉండకట్టి మనిషిని తినేస్తుందని మా వైపు చాలామంది నమ్ముతారు, పసరు తాగించి, కక్కించి, ఆ ఉండను బయటికి తీసి చూపించేవాళ్లూ ఉంటారు.

మా ఆయన పాటగాడు. హార్మోనియం ముందు కూర్చొని గొంతెత్తితే మందిరం బయట బండ్లు తోలేవాళ్లు ఎద్దులను నిలేసి వినేవాళ్లు! పెళ్లికైనా, సమాధి కూటానికైనా ఆయననే పిలిచేవాళ్లు, ఆ పాటే మాకు కూడు. అట్లాంటి గొంతు బొంగురుపోయి, బొంగురుపోయి, ఒక ఆదివారం కీర్తన నడుమ తెగిపోయింది. జమ్మలమడుగు ఆస్పత్రిలో డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, లోపల చిన్న కాయ ఉంది, మూడు నెలలు ఒక్క మాట పలకకూడదు, గుసగుస కూడా వద్దు, అప్పటికీ కరగకపోతే కోయాలి, కోస్తే పాట సంగతి నేను చెప్పలేను అంది.

అయ్యో, ఆ మూడు నెలలు పగవాళ్లకు కూడా వద్దు! ఆయన పలక మీద రాసేవాడు, నేను అక్షరాలు కూడబలుక్కొని చదివేసరికి పొయ్యి మీద కూర మాడేది. నీళ్లు పోసుకునేటప్పుడు కూనిరాగం తీస్తున్నాడేమోనని నేను తడిక సందున చెవి పెట్టి విన్నాను, ఒక్కసారీ దొరకలేదు. ప్రతి ఆదివారం మందిరానికి పోయి నోరు మూసుకొని హార్మోనియం వాయించేవాడు, తన కీర్తనలను జయన్న అనే పడుచువాడు పాడుతుంటే కండ్లు తుడుచుకోవడానికి కూడా చేయి తీసేవాడు కాదు. ఆ జయన్న తన బిడ్డ బాప్తిస్మపు విందులో మందు పెట్టాడని మా వదిన అనుమానం. నాకు మందు మీద నమ్మకం లేదు గానీ జయన్న మీదా అంత నమ్మకం లేదు, పలకరించడానికని తెచ్చిన బెల్లాన్ని వాకిట్లోనే తిప్పి పంపాను. అప్పుడు మా ఆయన పలక మీద, “ఈ గొంతు దేవునిది. ఆయన తెరిచేదాకా మూసుకుంటా. మనుషులను అనుమానించాకు” అని రాశాడు.

ఈ తగవు జరిగిన మర్నాడే డాక్టరమ్మ రమ్మన్న దినం. ఇంకొక్క రాత్రి గడిస్తే చాలు, అంతలో ఈ పసరు వచ్చి కూర్చుంది! నేను గడపలోనే నిలబడి లోలోపల, “ప్రభువా, నాకు చదువు ఇవ్వలేదు, నోరు ఇచ్చావు, ఆ నోట్లో ఏం మాట పెడతావో పెట్టు, రేపటిదాకా ఆ గొంతుకు నువ్వే కావలి కాయి” అని ప్రార్థించాను. వెంటనే మాట వచ్చింది, దేవునికే మహిమ!

“అప్పా, ముందు నాకు తాగిచ్చు. నా కడుపులోనుంచి ఏమన్నా పడితే అప్పుడు ఆయనకు తాగిద్దువు” అని ఆ మనిషితో అన్నాను.

సహోదరులారా, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి పరాయి ఇంట్లో మెతుకు ముట్టలేదు. విందుకు పోయినా నా సంగటి ముద్దను నేనే గుడ్డలో కట్టుకొని పోతాను, పిసినారిదని ఊరంతా నవ్వుతుంది. ఆ సంగతి ఆ మనిషికి తెలియదు. పసరు ఇచ్చాడు, తాగాను, ముందు పెట్టిన పళ్లెంలో అంతా కక్కాను! అతను పళ్లెంలో చేయి పెట్టి, వెంట్రుకలు చుట్టిన నల్లటి ఉండను తీసి, “సూడండమ్మా, ఎంత మందు పెట్టినారో!” అన్నాడు.

“నాకు పెట్టిందెవురప్పా? నేను వండింది తప్ప తిననే! నాకు నేనే పెట్టుకున్యానా?”

అతను పళ్లెం పక్కకు నెట్టి సంచి దగ్గరికి లాక్కున్నాడు. మా వదిన మాత్రం, “అయితే నీగ్గూడా పెట్టినారు మ్మే!” అని గుండెలు బాదుకుంది.

మా ఆయన సద్దు లేకుండా భుజాలు ఊగేలా నవ్వి పలక తీసుకున్నాడు. నేను కూడబలుక్కొని పైకి చదివాను: “అక్కా, దీని సంగటిలో మందు కలపల్లంటే దయ్యానిగ్గూడా భయమే.” మా వదిన ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది. ఆమె నవ్వు ఆగేసరికి ఆ మనిషి సంచి సర్దుకొని వీధి మలుపు తిరిగాడు. అతని వేళ్ల సందున ఏముందో నేను చూడలేదు, దేవుడు చూశాడు.

ప్రియులారా, జబ్బు వచ్చిన ఇంటికి సలహాలు ఈగల్లా వస్తాయి. దేన్నైనా తిప్పి చూడండి, అడిగి చూడండి, అది తప్పు కాదు. కానీ మిమ్మల్ని చేసినవాణ్ని మాత్రం అనుమానించవద్దు, ఆయన మీద భారం వేసి ఓర్చుకోండి. నా ఇంటిని ఆయన విడిచిపెట్టలేదు, మీ ఇంటినీ విడిచిపెట్టడు!

మరుసటి పొద్దున జమ్మలమడుగు బస్సు ఎక్కాం. డాక్టరమ్మ మోసం పట్టుకుంటానని మా వదిన కూడా ఎక్కింది. డాక్టరమ్మ అద్దం పెట్టి చాలాసేపు చూసి, కాయ కరిగిపోయింది, మెల్లగా పలకండి అంది. ఆయన “స్తోత్రం” అన్నాడు. బయట వరండాలో రోగుల మధ్య నిలబడి ఒక చరణం పాడాడు. పై శ్రుతి అందలేదు, కింది శ్రుతిలోనే పాడాడు. మా వదిన కొంగు తల మీదికి లాక్కొని, పాట అయ్యేదాకా నిలబడే ఉంది.